ఐదో చక్కెర

యంత్రం ఇంకా అరవై నాలుగు నిమిషాలు పడుతుందంటోంది. ప్రొఫెసరమ్మకి నోట్లో అప్పుడే చేదు ఊరడం మొదలైంది. పొద్దున తాగిన కాఫీ వల్ల కాదు, ఈ గది వల్ల. కిటికీ లేని గది, మధ్యలో మనిషికి ఒకటిన్నర రెట్లు ఎత్తున్న ఉక్కు పీపా, దాని కడుపులో అయస్కాంతం, ఆ అయస్కాంతం నడుమ పెన్సిలు కన్నా సన్నటి గాజు గొట్టంలో ముప్పై ఒక్కేళ్ళ కిందట ఆమె తన చేతులతో తయారుచేసిన పదార్థం. మూలనున్న పంపు దగ్గు ఆపుకోలేని ముసలి మనిషిలా కొట్టుకుంటోంది. కుర్చీ చేతుల మీద ఎవరెవరి చెమటో పట్టి నల్లటి పొర కట్టింది. కీబోర్డు అక్షరాలు అరిగిపోయాయి, వాటి సందుల్లో బిస్కెట్టు పొడి, ఒక వెంట్రుక, గోరు ముక్కో మరేదో. రుమాలుతో ఆ వెంట్రుక తీయబోయి, తీయాలంటే ముట్టుకోవాలి కదా అని ఆగిపోయింది. అణువు లోపలి గుట్టు విప్పే యంత్రం ముందు మనుషుల మురికి ఇంతేసి పేరుకుంటుంది. మధ్యలో ఒక మీట నొక్కితే ఇప్పటిదాకా వచ్చినంత తెరమీద చూడొచ్చు. ఆమె నొక్కలేదు. గంట నిండాకే చూస్తానని తనకి తను చెప్పుకుంది గానీ, నిజానికి గంటసేపు ఇంకా తెలియకుండా ఉండొచ్చు కదా అన్న ఆశ అది, ఆ ఆశని చూస్తే కూడా ఆమెకి వెగటుగానే ఉంది.

పొద్దున శీతల గదిలో అట్టడుగు అరలో, గోధుమరంగు బుడ్డి. దానిమీద ఇరవై ఏడేళ్ళ పిల్ల రాసిన గుండ్రటి చేతిరాత, తేదీ, కింద చిన్న పువ్వు బొమ్మ. పువ్వు ఎందుకు వేసిందో ఇప్పుడు గుర్తు లేదు, పని బాగా కుదిరిందన్న సంబరంతో వేసి ఉంటుంది. మూత తీస్తే లోపల తెల్లటి దూది లాంటి పీచు, ఏ వాసనా లేదు, పసుపెక్కలేదు, ఉండకట్టలేదు. పట్టకారుతో పట్టుకుని పైకెత్తుతుంటే దువ్వెనలో ఎప్పుడో చచ్చిపోయిన మనిషి వెంట్రుకలు దొరికినట్టు ఒళ్ళు గగుర్పొడిచింది. అందులోంచి పిసరంత తీసి భారజలంలో కరిగించి ఇచ్చింది తన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయికి. ఆ అమ్మాయిని అందరూ మౌనం అంటారు. నాలుగేళ్ళలో నలభై మాటలు మాట్లాడి ఉంటుందని ల్యాబులో నవ్వుకుంటారు. ఆ నలభైలో ఒకటి మొన్న వేసవిలో మాట్లాడింది. మేడమ్, నాలుగు కాదు, ఐదు వస్తున్నాయి.

నాలుగు. ఆ నాలుగు మీదే కదా ప్రొఫెసరమ్మ బతుకంతా కట్టుకుంది. ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టే ఒక సూక్ష్మజీవి, దాని ఒంటి చుట్టూ చక్కెరలతో అల్లుకున్న జిగురు దుప్పటి. ఆ దుప్పటి చక్కెరల గొలుసు, పూసల దండలాగా. నాలుగు రకాల పూసలు ఒక వరసలో, మళ్ళీ అవే నాలుగు, మళ్ళీ అవే, వేలసార్లు. ఏ పూస పక్కన ఏ పూస, ఏ చేత్తో ఏ చేయి పట్టుకుంది, కుడికి తిరిగిందా ఎడమకి తిరిగిందా, ఇది తేల్చడమే ఆమె పని. పెళ్ళయిన కొత్తలో అత్తగారు అడిగారు, నువ్వు చేసేదేమిటమ్మా అని. చెప్పుకొచ్చింది, ఉత్సాహంగా, చేతులు తిప్పుతూ. అంతా విని ఆవిడ, అయితే చీమిడి చదువన్నమాట, అన్నారు. ఇంట్లో అందరూ పగలబడి నవ్వారు, ఆమె కూడా నవ్వింది. చీమిడే. గాజు పళ్ళెంలో పెరిగిన సూక్ష్మజీవుల చుక్కల్ని తీగతో తాకి పైకి లాగితే జానెడు పొడుగున సాగేది, తెగేది కాదు. పాలిపోయిన, తడి మెరుపున్న, గోరువెచ్చని చీమిడి. దాన్నే లీటర్లకొద్దీ పెంచి, ఆల్కహాలు పోసి గాజు కడ్డీతో తిప్పితే దారాలుగా చుట్టుకునేది. ఒకప్పుడు అది చూస్తే పట్టుపురుగు గూడు విప్పుతున్నట్టు మురిసిపోయేది. ఆ మురిపెం ఎప్పుడు పోయిందో తెలీదు. ఎప్పుడో ఒకరోజు, కడ్డీకి చుట్టుకున్న దాన్ని చూస్తే రోత పుట్టింది, అంతే, ఆ తర్వాత కడ్డీ పట్టుకునే పని పిల్లలకి అప్పజెప్పేసింది.

వాసనలు వేరే సంగతి. పిరిడీన్ అనే ద్రావకం ఒకటి, కుళ్ళిన చేప మీద కిరసనాయిలు పోసినట్టు ఉంటుంది. అది చర్మంలోకి ఇంకి, అన్నం ముద్దలోకి వచ్చి, రుచిలో కూర్చుంటుంది. పెళ్ళయిన మొదటి నెలల్లో భర్త ఏమీ అనేవాడు కాదు, మొహం మాత్రం అటు తిప్పుకునేవాడు. ఒకసారి ఆమె తలస్నానం చేసి వచ్చాక కూడా కిటికీ తెరిచాడు. ఆ తెరిచిన కిటికీ మీద చాలా ఏళ్ళు కోపంగా ఉంది, నిజానికి ఆయన చేసిన తప్పేముంది, కంపుకొడితే కిటికీ తెరవరా. ఆయన మంచివాడే. ఆయనకి ఒక్కసారి చెప్పింది ఈ నాలుగు సంగతి. మా గైడు పెద్దసారు తొందరపెట్టారండీ, ఒక్కో చక్కెరకి ఒక్కో మొన లేచే చార్టులో చివర చిన్న మొన ఉండేది, అది మురికి, తీసెయ్యమన్నారు, అని. ఆయన పేపరు మడుస్తూ, పెద్దవాళ్ళు చెబితే నువ్వేం చేస్తావులే, అన్నాడు. ఆ మాట ఆమెకి ఎంత హాయిగా తగిలిందో. ఆ హాయిని ఇన్నేళ్ళూ ఎక్కడా చెదరకుండా దాచుకుంది. ఎవరైనా పెద్దసారుని పొగిడినప్పుడల్లా మనసులో అది తీసి చూసుకునేది, మీకేం తెలుసు ఆయన సంగతి, అనుకుంటూ. పెద్దసారు పోయిన ఆరేళ్ళ తర్వాత కూడా ఆయన గుర్తొస్తే ముందు ఆయన దగ్గరి పొగాకు కంపు, ముక్కుపొడి మరకల రుమాలు, పేజీ తిప్పేటప్పుడు నాలుకకి వేలు అంటించే అలవాటు, ఆ వేలు తన థీసిస్ మూలల మీద వదిలిన తడి, ఇవే గుర్తొచ్చేవి. మనిషిని అసహ్యించుకోవడానికి సాక్ష్యాలు పోగేసుకున్నట్టు.

ఇంకా నలభై తొమ్మిది నిమిషాలు. వసారా గోడ మీద కూడా ఆ నాలుగు ఉన్నాయి. సంస్థ గొప్పలు చాటే బొమ్మల వరసలో, ఆరుమూలల ఆకారాలు నాలుగు, నాలుగు రంగుల్లో, గీతలతో చేతులు కలుపుకుని. పక్కన ఆమె ఫొటో, ఫొటోలో ఎవరో చెప్పినట్టు నవ్వుతున్న నవ్వు. వారానికోసారి చీపురు మనిషి ఆ బొమ్మ తుడుస్తుంది, తుడిచి తుడిచి మూడో చక్కెర రంగు వెలిసింది. పాఠ్యపుస్తకంలో ఉంది. ఏటా కొత్తగా వచ్చే పిల్లలు పరీక్షలో రాస్తారు. ఎన్ని వేదికల మీద ఎన్నిసార్లు చెప్పిందో, మొదటి బొమ్మ అదే, మొదటి వాక్యం అదే, వినేవాళ్ళు తలలూపేవాళ్ళు, తర్వాత టీ దగ్గర వచ్చి చేయి కలిపేవాళ్ళు. ఒక్కో చేయి తడిగా ఉండేది.

అందరూ తలూపలేదు. ఒకాయన ఊపలేదు. మందుల కంపెనీలో రసాయనవేత్త, మొహం ఎప్పుడూ చూడలేదు, ఉత్తరమే. ఇరవై ఏళ్ళు దాటింది. టీకా కోసం మీరు చెప్పినట్టే నాలుగు చక్కెరల ముక్క తయారుచేశాం, మాకు మూడేళ్ళు పట్టింది, కానీ ఆ జబ్బు చేసి కోలుకున్నవాళ్ళ రక్తం దాన్ని గుర్తుపట్టడం లేదు, అసలు దుప్పటిని మాత్రం వెంటనే పట్టుకుంటోంది, మా ముక్కలో ఏదో లోపించినట్టుంది, మీకేమైనా తోస్తుందేమో దయచేసి చెప్పగలరా అని. ఎంత మర్యాదగా రాశాడు. మూడేళ్ళు అన్న మాట దగ్గర చిన్న సిరా మరక కూడా ఉంది. ఆమె మూడు వాక్యాల్లో జవాబిచ్చింది. మా నిర్మాణంలో సందేహానికి తావు లేదు. మీ తయారీలోనే పొరపాటు ఉండవచ్చు. మీ పదార్థపు శుద్ధతను మరోసారి పరీక్షించుకోగలరు. సంతకం పెట్టి, కవరు నాలుకతో తడిపి అంటించింది. ఆ జిగురు రుచి ఇప్పుడు నోట్లోకి వచ్చింది, ఎందుకో. ఆయన మళ్ళీ రాయలేదు. ఆ పని మానుకున్నారని తర్వాత ఎవరో అన్నారు. రక్తం గుర్తుపట్టలేదంటే ఏమిటర్థం, ఆయనకి తెలీకపోవచ్చు గానీ తనకి తెలీదా. పూస ఒకటి తక్కువైందని అర్థం. కొమ్మలా బయటికి పొడుచుకొచ్చి, ముందుగా కంటపడే పూస.

ఆ తర్వాతి సంవత్సరమే అత్తగారు మంచం పట్టారు. ఊపిరితిత్తుల్లో అదే సూక్ష్మజీవి. డాక్టరు పేరు చెప్పగానే ఆమెకి నవ్వొచ్చింది, సిగ్గులేని నవ్వు, ఇంటిపేరుతో పిలిచేంత పరిచయం కదా దానితో. పదకొండు రోజులు ఆవిడ గొంతులోంచి గొట్టంతో కఫం లాగింది తనే, నర్సు రాని పూటల్లో. సీసాలోకి జారే ఆ పాలిపోయిన, సాగే పదార్థం. చేత్తో ఎత్తి వెలుతురుకి పట్టి చూసింది కూడా. ఆవిడ మాట్లాడలేక, కళ్ళతో, ఏమిటీ అన్నట్టు అడిగారు. ఏం లేదత్తయ్యా, అంది. ఎనిమిదో రోజున ఆవిడ చేయి పట్టుకుని, నీ చదువేగా ఇది, అన్నట్టు వేలితో సీసా చూపించారు, పెదవులు నవ్వాయి. అప్పుడైనా ఏడుపు రావాలి. రాలేదు. రోతే వచ్చింది, ఆవిడ మీద కాదు, ఆ సీసా మీదా కాదు, ఇంత దగ్గరగా చూస్తూ కూడా నాలుగే అని చెప్పుకుంటున్న తన మెదడు మీద. తెలియని మనిషి అయితే క్షమించొచ్చు. కుక్కిన పేనులా పడి ఉండే ఆ తెలివిడి, కదిలితే చాలు దురద.

తలుపు కొంచెం తెరుచుకుని మౌనం తల లోపలికి పెట్టింది. టీ తెమ్మంటారా అని సైగ. వద్దంది. అమ్మాయి వెళ్ళలేదు, తెర వైపు చూసింది, ఇంకా ముప్పై మూడు నిమిషాలు. గుమ్మం పట్టుకున్న చేతివేళ్ళు ప్రొఫెసరమ్మ కంట పడ్డాయి. కణుపుల దగ్గర పగుళ్ళు, గోళ్ళ చుట్టూ తోలు ఊడి ఎర్రగా, అక్కడక్కడ పొలుసు లేచి. గాజు సామాను కడిగే ఆమ్లం పని అది. చేతులకి ఏమైంది అని అడగబోయి మానుకుంది, ఏమైందో తనకి తెలుసు కనుక. వేసవిలో ఐదు అన్నప్పుడు ఈ అమ్మాయితో తను ఏమంది? నీ సీసాలు సరిగ్గా కడగడం లేదు, అంది. తల కూడా ఎత్తకుండా అంది. అమ్మాయి వెళ్ళి, అన్నీ మళ్ళీ కడిగి మళ్ళీ చేసింది, ఐదే. మళ్ళీ కడగమంది. నాలుగుసార్లు. నాలుగోసారి కూడా ఐదే రావడంతో, అప్పుడు, సూక్ష్మజీవి ఇన్నేళ్ళలో మారిపోయి ఉంటుంది, నా పాత శాంపిల్లో చూద్దాం, అంది. తన నోటి నుంచి అంత సులువుగా వచ్చిన ఆ సీసాల మాట, ఎక్కడ నేర్చుకుందో, ఎవరి మీద మొదటిసారి వాడిందో. అమ్మాయి తలుపు మూసి వెళ్ళిపోయింది. పంపు దగ్గుతూనే ఉంది.

ఎవరి మీద వాడింది. అక్క మీద. ల్యాబులో ఆమె కన్నా నాలుగేళ్ళు సీనియరు, అందరికీ అక్కే. బలమైన మనిషి, బలమైన నవ్వు, పిరిడీన్ కంపుని కూడా, ఏం చేస్తాం, మన సెంటు ఇదీ అని తేలిగ్గా తీసేసే మనిషి. చక్కెరల్ని విరగ్గొట్టే ముందు వాటి ఖాళీ చేతులకి గుర్తులు పెట్టడం నేర్పింది అక్కే, తన టిఫిన్ డబ్బాలో సగం పెట్టిందీ అక్కే. ఒక గురువారం మధ్యాహ్నం, పెద్దసారు గదిలో ఎనిమిది మంది. పైన ఫ్యాను. వేడి. అక్క లేచింది. నాలుగు కాదేమోనండీ, చార్టులో చివర చిన్న మొన ఉంది, ఆమ్లానికి తట్టుకోలేని చక్కెర అయ్యుంటుంది, విరగ్గొట్టేటప్పుడే చాలామటుకు నాశనమైపోతోంది, ఆమ్లం పలచన చేసి మళ్ళీ చూస్తే పెరుగుతుంది, అని. అప్పుడు పెద్దసారు ఏమన్నారు? అది మురికి, తీసెయ్యమ్మా, అన్నారు. అంతే కదా. ముప్పై ఒక్కేళ్ళుగా అదే కదా. ఆయన వేలు నాలుకకి తగిలించుకుని, పేజీ తిప్పి, మురికి, తీసెయ్, అని. ఆ వాక్యానికి ముందు ఏదో ఉంది. ఆ ఫ్యాను చప్పుడుకి ముందు. ఆయన కలం మూత తీసి ఉంది. తీసి కాగితం మీద పెట్టి ఉంది, రాసుకోవడానికి. రాసుకోవడానికి సిద్ధపడిన మనిషి మురికి తీసెయ్ అంటాడా?

అనలేదు. ఆయన అనలేదు. ప్రొఫెసరమ్మ కుర్చీలో ముందుకు వంగింది. ఆయన ఆమె వైపు తిరిగి, చార్టు నీది కదమ్మా, నువ్వేమంటావు, అని అడిగారు. కోపం లేదు, తొందర లేదు. ఐదైతే ఐదు, ఇంకో ఆర్నెల్లు చూద్దాం, అని కూడా అన్నారు. ఆ ఆర్నెల్లు అన్న మాట వినగానే ఆమె మనసులో తేదీలు లెక్కేసుకుంది. నెల తిరిగేసరికి ఉద్యోగం ఇంటర్వ్యూ, అప్పటికి పేపరు అచ్చులో ఉండాలి, పెళ్ళి తేదీ పెట్టేశారు. ఆ మొన మురికి కాదని ఆమెకి తెలుసు. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అదే నిమిషానికి వచ్చింది, మురికి అలా వేళ తప్పకుండా రాదు. లేచి నిలబడి చెప్పింది, మురికేనండీ, సీసాలు సరిగ్గా కడగలేదు. ఆ వారం సీసాలు కడిగే వంతు అక్కది. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దసారు అక్క వైపు ఒకసారి చూసి కలానికి మూత పెట్టేశారు. మాట ముగిసింది. ఆ తర్వాత అక్క ఏ చార్టు తెచ్చినా ఎవరో ఒకరు, సీసా కడిగావా అక్కా, అనేవాళ్ళు. సరదాకే. ఆమె కూడా అంది, ఒకటి రెండుసార్లు, నలుగురితో పాటు. నాలుగు నెలలకి అక్క పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది, ఒక మిఠాయి ఫ్యాక్టరీలో పాకం చిక్కదనం చూసే ఉద్యోగానికి. వెళ్ళే రోజున అందరితో పాటు ఆమెకి కూడా చేయి ఊపింది.

ఇంత జరిగినదాన్ని మసిపూసి మారేడుకాయ చేసి, చచ్చిన మనిషి నోట్లో తన మాట పెట్టి, ఆయన ముక్కుపొడి రుమాలునీ నాలుక తడినీ అసహ్యించుకుంటూ ముప్పై ఏళ్ళు శుభ్రంగా బతికేసింది. ఆయన వేలికి ఉన్నది ఉమ్మి. కాగితం మీద ఆరిపోతుంది. తనది ఆరలేదు. ఆమెకి డోకు వచ్చింది. చెత్తబుట్ట దగ్గరికి లాక్కుంది, లోపల వాడి పారేసిన చేతితొడుగులు చర్మం ఒలిచినట్టు ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి. ఏమీ రాలేదు, కాస్త పసరు తప్ప. రుమాలుతో నోరు తుడుచుకుంది. నీళ్ళ సీసా మూతి మీద ఎవరిదో లిప్‌స్టిక్ మరక, అయినా తాగింది.

యంత్రం చిన్నగా కూత పెట్టింది. ఆమె ఎంతసేపు అలా వంగి ఉందో తెలీదు. తెరమీద నల్లటి గీత. ఒక్కో చక్కెరకీ ఒక్కో మొన, ఎడమ పక్క చివర, తక్కినవాటికి దూరంగా, ఎవరి పిల్లల్ని వాళ్ళు లెక్కపెట్టుకున్నట్టు లెక్కపెట్టుకోవచ్చు. ఆ రోజుల్లో యంత్రాలు చిన్నవి, నీటి తాలూకు పెద్ద మొన కింద ఏది దాక్కున్నా కనపడేది కాదు. ఇప్పుడు శాంపిలు వేడిచేసి ఆ నీటి మొనని పక్కకి జరపొచ్చు. జరిపి ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నీళ్ళు తప్పుకున్న చోట, ఐదు. పొట్టిదీ కాదు, సందేహంగానూ లేదు, తక్కిన నాలుగింటితో సమానంగా నిలబడి ఉంది. సూక్ష్మజీవి మారలేదు. అది మొదటి నుంచీ ఐదే.

గదిలో తను తప్ప ఎవరూ లేరు. పాత శాంపిలు పాడైపోయింది, ఏమీ తేలలేదు, అంటే మౌనం నమ్ముతుందో లేదో గానీ నోరెత్తదు. ఫైలు చెరిపేయడానికి రెండు మీటలు చాలు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతుంది, తర్వాత వాళ్ళ ఇష్టం, ఐదంటారో ఆరంటారో. ఆమె వేలు మొదటి మీట మీదికి వెళ్ళింది. నీతి గురించి ఆలోచన రాలేదు, భయమూ వేయలేదు. మీట మీద పేరుకున్న ఆ జిడ్డు వేలికి అంటింది, వేలు ఎత్తితే సన్నగా అంటుకుని వదిలింది. ఒక్కసారిగా, ఇంక చాలు అనిపించింది, పాచిపోయిన అన్నం నోటిదాకా తెచ్చాక చేయి దానంతటదే వెనక్కి పోయినట్టు. ఇంక ఇది మింగుడుపడదు. ఆమె వేలిని చీరకి తుడుచుకుని తలుపు తీసి అమ్మాయిని పిలిచింది.

మౌనం వచ్చి నిలబడి తెరవైపు చూసింది. పెదవులు కదిలాయి, లెక్కపెట్టుకుంటోంది. మొహంలో సంతోషం రాలేదు, అలసట కొంచెం సడలింది, అంతే. ప్రొఫెసరమ్మ ఫోను తీసింది. పెద్దసారు పోయినప్పుడు రెండు ముక్కల సానుభూతి పంపిన నంబరు ఒకటి ఉంది, ఎప్పుడూ చేయలేదు. అమ్మాయిని కూర్చోమంది. నాలుగుసార్లు మోగాక అవతల ఎత్తారు, వెనక ఏవో గరిటెలు గుండ్రంగా తిరుగుతున్న చప్పుడు.

"అక్కా, నేను."

"ఊఁ. చెప్పు." గుర్తుపట్టినట్టే ఉంది, ఆశ్చర్యం మాత్రం లేదు.

"ఐదక్కా."

అక్క అవతల ఎవరికో మంట తగ్గించమని చెప్పింది. తర్వాత, "అదా," అంది అక్క. "అవును, ఐదే. ఆ గురువారం తర్వాత రెండు రోజులకే ఆమ్లం పలచన చేసి చూశాను. ఇంత ఎత్తున లేచింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను కదే, నీకే. సీసాలు కడిగే తొట్టి దగ్గర. చార్టు చేతిలో పట్టుకుని వచ్చాను. నువ్వు కొళాయి పూర్తిగా తిప్పావు, నీళ్ళ హోరులో వినపడకుండా."

ప్రొఫెసరమ్మ కళ్ళు మూసుకుంది. అది గుర్తు లేదు. ఎంత వెతికినా కొళాయి లేదు, తొట్టి లేదు, అక్క చేతిలో చార్టు లేదు. గంటసేపు తవ్వి, అడుగు కనపడిందనుకుంది. ఆ అడుగు కింద ఇంకొకటి ఉంది, అది తన దగ్గర కాక అక్క దగ్గర ఉంది. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చిన మాటలు ఎవరివో చెప్పులు కాళ్ళకి వేసుకున్నట్టు తోచాయి. అయినా మొదలుపెట్టింది, అక్కా, ఆ రోజు నేను, అని.

"ఆ మాటలు నాకెందుకు ఇప్పుడు," అంది అక్క, కసురుకోకుండా, రోజూ చెప్పే పని చెబుతున్నట్టు. "నాలుగని అచ్చులో చెప్పావు. ఐదని అచ్చులో చెప్పు. పాకం ముదురుతోంది, ఉంటాను."

ఫోను ఆగిపోయింది. మౌనం అక్కడి నుంచి లేవలేదు. ప్రొఫెసరమ్మ చెప్పింది. గురువారం, ఫ్యాను, పెద్దసారు తీసిన కలం మూత, ఆర్నెల్లు, ఇంటర్వ్యూ. మందుల కంపెనీ ఆయన ఉత్తరం కూడా. సీసాల మాట దగ్గరికి వచ్చాక కూడా ఆపలేదు. అమ్మాయి వింటూ వింటూ తన చేతుల్ని ఒళ్ళోకి లాక్కుంది, పగుళ్ళు కనపడకుండా ఒకదాని కింద ఒకటి పెట్టుకుంది. మొహంలో జాలి లేదు. మొదటిసారిగా ఆ మొహంలో ప్రొఫెసరమ్మకి బాగా తెలిసిన ఒక భావం కనపడింది, మూతి ఒక పక్కకి కొంచెం బిగుసుకోవడం, ముక్కు ముడుచుకోవడం. దాన్ని చూసి ఆమె చూపు తిప్పుకోలేదు. అది ఈ గదిలో ఉండవలసిందే.

"ఆవిడ సీసాలు బాగానే కడిగేవారా?" అని అడిగింది అమ్మాయి.

"చాలా బాగా కడిగేది."

అమ్మాయి కుర్చీ యంత్రం ముందుకి జరుపుకుని, పేపరు ఫైలు తెరిచింది. సగం రాసే ఉంది, వేసవి నుంచి ఎవరికీ చెప్పకుండా రాసుకుంటున్నట్టుంది. పాత నిర్మాణం గురించి చెప్పే చోట ఒక వాక్యం ఖాళీ వదిలి ఉంది. కీబోర్డు మీది వెంట్రుకని వేలి చివరతో అవతలికి నెట్టి, రాయడం మొదలుపెట్టి, ఆగింది.

"ఐదో చక్కెరని అప్పట్లో గమనించలేదు అని రాయనా మేడమ్?"

"కాదు. గమనించారు. ఎవరు గమనించారో ఆవిడ పేరు పెట్టి రాయి. తర్వాత, గమనించి కూడా వదిలేశారు అని రాయి."

అమ్మాయి రాసింది, తెర వైపే చూస్తూ. "పేపర్లో ఎప్పుడూ మేము అనే కదా రాస్తాం. వదిలేశాం అని పెడుతున్నాను."

ప్రొఫెసరమ్మ ఆ మాట చదివింది. పెద్దసారు, ఆ గదిలో ఫ్యాను కింద కూర్చున్న ఎనిమిది మంది, నవ్వినవాళ్ళు, నవ్వనివాళ్ళు, అక్క కూడా, అందరూ ఆ మాటలో ఇరుక్కుని ఉన్నారు, ఆమె పక్కన, ఆమెకి ఒత్తుగా.

"వదిలేశాం కాదమ్మా," అంది. "వదిలేశాను."

అమ్మాయి చివరి అక్షరం చెరిపి, మళ్ళీ కొట్టింది.